నల్లి అన్నా నుసి అన్నా ఒకటేనా?

పోయిన నెల సంఘం మీటింగులో మిరప గురించి మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన, "పేర్లు మాకెందుకయ్యా, మందు పేరు చెప్పండి చాలు" అన్నారు. చాలామంది తల ఊపారు. టైము చాలక అక్కడితో వదిలేశాం. ఆయన మాటను కొట్టిపారేయడానికి కాదు గానీ, ఆ మాట వెనకాల మన కౌలు రైతుల డబ్బు చాలా పోయింది కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాం. కాస్త పొడుగే. భోజనాలయ్యాక చదవండి.

1953లో తుంగభద్ర డ్యాం నిండాక మన తాతలు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బండ్ల మీద, రైళ్ల మీద ఇటు వచ్చారు. విత్తనం తెచ్చారు, దమ్ము చేసే పద్ధతి తెచ్చారు, వాటితో పాటు పురుగుల పేర్లు కూడా తెచ్చారు. సుడిదోమ, పచ్చదోమ, ఉల్లికోడు, పేనుబంక, పిండినల్లి, తామర పురుగు. ఈ పేర్లన్నీ మా ఇళ్లలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పిల్లలు బడిలో కన్నడం చదువుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చేలో మాత్రం రెండూ కలిసిపోయి ఉంటాయి. రైతు సంపర్క కేంద్రంలో ఇచ్చే కరపత్రం కన్నడంలో ఉంటుంది. దాన్ని మనవడు చదివి తాతకు చెప్తాడు. తాత దాన్ని తనకు తెలిసిన తెలుగు పేరులోకి మార్చుకుంటాడు. తేడా వచ్చేది ఆ మార్పిడి దగ్గరే.

మన పేర్లు ఎలా పుట్టాయో ఒకసారి చూడండి. దోమ అంటే రాత్రి కుట్టే దోమ. వరిలో దుబ్బు మొదట్లో కూర్చుని రసం పీల్చేదీ దోమే, సుడిదోమ. పత్తి ఆకు కింద తెల్లగా లేచేదీ దోమే, తెల్లదోమ. శాస్త్రం లెక్కలో సుడిదోమకీ తెల్లదోమకీ కుట్టే దోమతో ఏ చుట్టరికమూ లేదు. అవి రసం పీల్చే నల్లుల కుటుంబం. కుట్టే దోమకు నిజంగా చుట్టమైనది ఉల్లికోడు ఈగ. దాన్ని మాత్రం మనం దోమ అనం, అది మొవ్వును ఉల్లికాడలా చేస్తుంది కాబట్టి ఉల్లికోడు అంటాం. కన్నడం వాళ్లు తెల్లదోమను బిళి నొణ, అంటే తెల్ల ఈగ అంటారు. సుడిదోమను కందు జిగిహుళు, అంటే గోధుమరంగు ఎగిరిదూకే పురుగు అంటారు. ఇక నల్లి. మంచంలో ఉండేది నల్లి. మందారానికి, పత్తికి పిండిలా పట్టేది పిండినల్లి. మిరప ఆకు కింద కంటికి ఆనకుండా ఉండేది తెల్లనల్లి. మొదటి రెండూ ఆరు కాళ్ల పురుగులు. మూడోది అసలు పురుగే కాదు. ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకీ పేడపురుగుకీ మధ్య ఎవరితో చుట్టరికం అంటే సాలీడుతోనే.

దీన్ని చూసి మన పెద్దలకు ఏమీ తెలియదనుకునే వాళ్లున్నారు. మేం ఆ మాట ఒప్పుకోం. వాళ్లు పేరు పెట్టింది పురుగు వంశాన్ని బట్టి కాదు, అది పంటను ఏం చేస్తుందో దాన్ని బట్టి, ఎంత సైజులో కనిపిస్తుందో దాన్ని బట్టి. మిరపలో పై ముడత, కింది ముడత అని రెండు మాటలున్నాయి కదా. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పై ముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి తిరిగి తిరగేసిన పడవలా అయితే కింది ముడత, అది తెల్లనల్లి పని. ఏ భూతద్దమూ లేకుండా, గట్టు మీద నిలబడి, ఇది ఆరు కాళ్లదా ఎనిమిది కాళ్లదా అని చెప్పేశారన్నమాట. ఇంతకన్నా తెలివైన గుర్తు మాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

కాని కన్నడంలో నుసి అనే మాట ఒకటుంది. తామర పురుగునీ నుసి అంటారు, ఎనిమిది కాళ్ల దాన్నీ నుసి అంటారు. కావాలంటే ముందు థ్రిప్స్ అనో మైట్ అనో చేరుస్తారు. అంగడికి వెళ్లి హడావిడిగా "నుసి బిద్దిదె" అంటే మాత్రం ఆ ముందు మాట రాలిపోతుంది. కోయంబత్తూరు వైపు మన నాయుళ్లను అడిగితే తమిళంలో తామర పురుగును ఇలైప్పేన్ అంటారని చెప్పారు, అంటే ఆకు పేను. ఒకే పురుగు మన మూడు రాష్ట్రాల బంధువుల నోట్లో ఒకచోట తామర, ఒకచోట నుసి, ఒకచోట పేను అయింది.

ఇప్పుడు 2021 సంగతి.

ఆ ఏడు మిరప ధర బాగుందని కౌళ్లు పెరిగాయి. బ్యాడగి మార్కెట్టును నమ్ముకుని మా వైపు చాలామంది వరి మానేసి నల్లరేగడిలో మిరప వేశారు. నవంబరులో అకాలంగా వానలు పడ్డాయి. వానకు తామర పురుగు కొట్టుకుపోతుంది, అది పొడి ఎండల పురుగు అని మనందరికీ తెలిసిన లెక్క. కాబట్టి ఒక రకంగా నిమ్మళంగానే ఉన్నారు. వానలు తగ్గి పూత నిండుగా వచ్చింది. వచ్చిన పూత వచ్చినట్టే రాలడం మొదలైంది. ముందుగా గమనించింది కలుపుకు వచ్చిన ఆడవాళ్లు. ఒకావిడ పూవు కోసి అరచేతిలో తట్టి, "నల్లటి దుమ్ము కదులుతోందయ్యా" అంది. ఒక్కో పూవులో పదికి తక్కువ లేవు. ఆకు ముడత మాత్రం మనకు తెలిసినట్టు లేదు. ఆకు కింద గోధుమరంగు చారలు, పైన పసుపు మచ్చలు, కాయ మీద గరుకు.

గుంటూరు, ఖమ్మం వైపు చుట్టాలకు ఫోన్లు వెళ్లాయి. అక్కడా అదే గోల. వాళ్లలో కొందరు "నల్ల తామర" అన్నారు, కొందరు పొట్టిగా "నల్లి" అన్నారు. ఫోన్లో నల్ల అన్నారో నల్లి అన్నారో ఎవడికి వినపడుతుంది? నల్లి అని విన్నవాడు అంగడికి వెళ్లి నుసి అన్నాడు. అంగడివాడు ఎనిమిది కాళ్ల దాన్ని చంపే మందు ఇచ్చాడు. అందులో కొన్ని రకాలు తామర పురుగును తాకనైనా తాకవు. అది పని చేయలేదని నాలుగో రోజు ఇంకొకటి, దాంతో పాటు ఒక టానిక్కు. ఆ తర్వాత మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి. మా క్యాంపు పక్కన నాలుగెకరాల కౌలు చేసే తమ్ముడు సంక్రాంతి లోపల 19 సార్లు మందు కొట్టాడు. అంగడి పేరు ఇక్కడ రాయం, ఆ ఊళ్లో ఉన్న అన్ని అంగళ్లూ ఆ నెలలో అదే చేశాయి. వాళ్లకీ ఏం వచ్చిందో తెలియదు. ఆ తమ్ముడి భార్య మెడలో గొలుసు బ్యాంకుకు వెళ్లింది. కౌలు డబ్బు మాత్రం కాయ కోసినా కోయకపోయినా కట్టాలి కదా.

మాలో ఒకరి కూతురు వ్యవసాయ డిగ్రీ చదివింది. సెలవులకు వచ్చి, పూలు తెల్ల కాగితం మీద దులిపి, రాలిన వాటిని చిన్న సీసాలో సారాయి ద్రావణంలో వేసి తీసుకెళ్లింది. కొన్నాళ్లకు పేరు వచ్చింది, థ్రిప్స్ పార్విస్పైనస్. అప్పటికే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు ఆంధ్రా, తెలంగాణా, కర్ణాటక మిరప చేలలో ఉన్నది ఇదేనని తేల్చేశారు.

ఈ పురుగు చరిత్ర చదివిన కొద్దీ మాకు నిద్ర పట్టలేదు. దీనికి పేరు పెట్టింది నిన్నా మొన్నా కాదు. 1922లో ఆస్ట్రియా శాస్త్రవేత్త హైన్రిష్ కార్నీ, అప్పట్లో సయాం అనే థాయ్‌లాండ్ నుంచి వచ్చిన పురుగులను చూసి వర్ణించాడు. ఇండోనేసియాలో మిరపను, హవాయిలో బొప్పాయిని పాడుచేస్తుందని తెలుసు. మన దేశంలో మొదటిసారి దొరికినట్టు 2015లోనే అచ్చయింది. ఎక్కడ? బెంగళూరులో, బొప్పాయి మీద. అంటే మన పొలాల్లో పూత రాలడానికి ఆరేళ్ల ముందే, మన రాష్ట్ర రాజధానిలోనే, దాని పేరు కాగితం మీద ఉంది. ఆ పేరు బెంగళూరు నుంచి సిరుగుప్పకు రావడానికి ఆరేళ్లు పట్టింది, పురుగు ముందే వచ్చేసింది. ఇందులో తప్పు ఎవరిదని మమ్మల్ని అడిగితే ఒకరిని చూపించలేం. పేరు పెట్టే మనుషులు దేశంలో చాలా తక్కువ, ఆ పేరును చేను దాకా మోసే మనుషులు ఇంకా తక్కువ.

మనకు అలవాటైన పాత తామర పురుగు, అదే పై ముడతది, దాని పేరు స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్. దానికి 1919లో అమెరికా శాస్త్రవేత్త హుడ్ పేరు పెట్టాడు. నమూనాలు వెళ్లింది మన కోయంబత్తూరు నుంచి. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. దక్షిణాది పంటల పురుగుల మీద పుస్తకం రాసిన టి.వి. రామకృష్ణ అయ్యరు, తర్వాత మద్రాసులో జీవితమంతా తామర పురుగులకే ఇచ్చిన టి.ఎన్. అనంతకృష్ణన్, వీళ్ల పనివల్లే ఇవాళ మన దేశంలో 700 పైచిలుకు తామర పురుగుల జాతులకు పేర్లున్నాయి. ప్రపంచంలో 6 వేలు దాటాయి. అందులో పంటకు చెరుపు చేసేవి చాలా కొద్ది. మిగిలినవి కొన్ని బూజు తింటాయి, కొన్ని పూల దగ్గర ఉంటాయి, కొన్ని సాటి తామర పురుగులనే తింటాయి.

పాతదీ కొత్తదీ ఎలా వేరు చేస్తారు? "పాతది పసుపు, కొత్తది నలుపు, అంతే కదా" అని చాలామంది వీడియోల్లో చెప్పారు. సగమే నిజం. కొత్తదానిలో ఆడది ముదురు రంగు. మగది చిన్నగా, పసుపుగానే ఉంటుంది. దాన్ని చూసి పాతదే అనుకోవచ్చు. పైగా పూలలో ఉండే నల్లటి తామర పురుగులు ఇంకా రకాలున్నాయి. అందుకే శాస్త్రవేత్తలు రంగును నమ్మరు. పురుగును గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూస్తారు. రెక్క నరం మీద వెంట్రుకల వరుస తెగకుండా ఉందా, మధ్యలో ఖాళీ ఉందా. పొట్ట ఎనిమిదో కణుపు వెనక అంచున దువ్వెన పళ్లలాంటి వెంట్రుకలు ఉన్నాయా లేవా. మిల్లీమీటరు పొడుగు ఉన్న పురుగు మీద వెంట్రుకలు లెక్కపెట్టడం. అది కూడా చాలకపోతే డీఎన్ఏ చూస్తారు. అలా చూసినప్పుడే 2015లో ఇంకో సంగతి బయటపడింది. మనం ఒకే జాతి అనుకుంటున్న పాత పై ముడత పురుగులోనే, కంటికి ఒకేలా కనిపించే జాతులు కనీసం 9 ఉన్నాయని. అంటే పేరు పెట్టే పని వందేళ్ల తర్వాత కూడా పూర్తి కాలేదు.

దీనితో పోలిస్తే కత్తెర పురుగు పుణ్యాత్మురాలు. 2018లో మన కర్ణాటకలోనే శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో మొదట దొరికింది. తల మీద తిరగేసిన వై ఆకారం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు. బడిపిల్లవాడు కూడా గుర్తుపడతాడు. గుర్తుపట్టడం సులువైంది కాబట్టి మాట కూడా తొందరగా పాకింది. తామర పురుగుకు ఆ అదృష్టం లేదు.

సరే, పేరు తెలిస్తే ఏం మారింది అంటారా. చాలా మారింది. పాతది ఎక్కువగా లేత ఆకుల మీద బతుకుతుంది. కొత్తది పూలలో గుంపుగా దాక్కుంటుంది. పైపైన ఆకుల మీద కొట్టే మందు పూవు లోపలికి పోదు. రెండింటికీ గుడ్డు ఆకు కండలోనే ఉంటుంది, దానికీ మందు తగలదు. పిల్ల దశలు రెండు అయ్యాక అది తిండి మానేసి నేలలోనో రాలిన ఆకుల్లోనో దాగి, అక్కడ రెక్కలు తెచ్చుకుంటుంది. దానికీ తగలదు. రెండు వారాల అటుఇటుగా ఒక తరం అయిపోతుంది. అంటే ఈ రోజు కొట్టిన మందుకు చచ్చేవి చేలో ఉన్నవాటిలో కొన్నే. మూడో రోజు మళ్లీ కనిపించేవి మందుకు లొంగనివి కాకపోవచ్చు, నేలలోంచి కొత్తగా లేచినవి కావచ్చు. ఇది తెలియక, మందు కల్తీ అనుకుని, ఇంకా ఘాటైనది కొట్టడం జరిగింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు పదే పదే కొడితే తెల్లనల్లి విజృంభిస్తుందని శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెప్తున్నారు. మా వైపు కొన్ని చేలలో జనవరి కల్లా అదే అయింది. పైన కొత్త తామర, కింద తెల్లనల్లి, రెండు ముడతలూ ఒకే మొక్కకు.

ఇంకొక మాట. ఓరియస్ అనే చిన్న నల్లి ఒకటుంది. మంచం నల్లికి దూరపు చుట్టం. నల్లగా, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. అదీ పూలలోనే తిరుగుతుంది. తామర పురుగులను ముక్కుతో పొడిచి తాగేస్తుంది. అరచేతిలో తట్టిన నల్ల దుమ్ములో అది కూడా ఉంటుంది. మన పక్షాన పోరాడేదాన్ని శత్రువని లెక్కపెట్టి, "పూవుకు ఇన్ని ఉన్నాయి" అని భయపడి మందు కొడుతున్నామంటే, పేరు తెలియకపోవడం ఎంత ఖరీదైనదో చూడండి. నల్లి అనే మాటలో మనకు మేలు చేసేదీ ఉంది, కీడు చేసేదీ ఉంది, అసలు పురుగే కానిదీ ఉంది.

అందుకని మన తెలుగు పేర్లు మానేసి లాటిన్ పేర్లు బట్టీ పట్టమని మేం అనడం లేదు. స్కిర్టోథ్రిప్స్ అని మా నాన్నగారి చేత అనిపించడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. పై ముడత, కింది ముడత అనే మాటలు అలాగే ఉండాలి. వాటి పక్కన ఇంకొక్క ప్రశ్న చేరాలి. కాళ్లు ఎన్ని? పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం ఉంటే తామర పురుగుకు ఆరు, సన్నగా పొడుగ్గా, రెక్క అంచున జూలులా వెంట్రుకలు. తెల్లనల్లికి ఎనిమిది, గుండ్రంగా, రెక్కలే లేవు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. నల్లి పిల్లకు మొదట్లో ఆరు కాళ్లే ఉంటాయి. కాబట్టి ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకండి, పది చూడండి. అంగడిలో నుసి అని ఊరుకోకుండా, ఆరు కాళ్లదా ఎనిమిది కాళ్లదా చెప్పండి. ఆరు కాళ్లదైతే ఆకు మీద ఉందా పూవులో ఉందా అది కూడా చెప్పండి. ఈ రెండు మాటలకు కన్నడమూ తెలుగూ ఒకటే, ఎవరికైనా అర్థమవుతాయి.

మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు, ఫోటో తీసి పంపితే చాలదా అని. కత్తెర పురుగుకు చాలుతుంది. దీనికి చాలదు, వెంట్రుకలు ఫోన్ కెమెరాకు దొరకవు. పురుగే వెళ్లాలి.

కాబట్టి ఈ పూతకు సంఘం తరఫున మేం చేస్తున్న ఏర్పాటు ఇది. ప్రతి క్యాంపులో ఇద్దరి దగ్గర ఒక్కో భూతద్దం, పది చిన్న సీసాలు ఉంటాయి. సీసాలో నీళ్లు కలిపిన ఆల్కహాల్ ఉంటుంది, నూటికి డెబ్బై పాళ్లు. దాన్ని పిల్లలకు అందకుండా పెట్టండి, దీపం దగ్గర పెట్టకండి. పూత మొదలైన నాటి నుంచి వారానికి ఒకసారి, చేలో ఐదు చోట్ల, ఒక్కో చోట కొన్ని పూలు తెల్ల కాగితం మీద తట్టాలి. తెలియనిది కనిపిస్తే తడి కుంచెతో తీసి సీసాలో వేయాలి. మందు కొట్టకముందు తీయాలి, కొట్టాక కాదు. బుధవారం ఒకరు బండి మీద సీసాలన్నీ తీసుకుని హగరి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లాలన్నది మా ఆలోచన. పెట్రోలు ఖర్చు సంఘానిది. జవాబు వచ్చేదాకా నీలం జిగురు అట్టలు, వేపనూనె దాటి పోవద్దని అడుగుతున్నాం. ఇది ఆజ్ఞ కాదు, ఎవరి చేను వాళ్లది. కౌలు రైతులకు మాత్రం ముందుగా సీసాలు ఇస్తాం, వాళ్లకు ఒక ట్యాంకు మందు మిగిలినా మిగిలినట్టే.

సీసాలో ఒక చీటీ వేయాలి. ఊరు, తేదీ, పంట, పూవులో దొరికిందా ఆకు మీద దొరికిందా. పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో సిరా కరిగిపోయి చీటీ తెల్లగా మిగులుతుంది. పెన్సిలుతో రాయండి. తెలుగులో రాసినా పర్వాలేదు, అక్కడ చదివి చెప్పే అమ్మాయి మనమ్మాయే. పెన్సిళ్లు కూడా సీసాల డబ్బాలోనే పెట్టాం.